ట్రాక్టర్ పాటల పెన్‌డ్రైవ్

"మా కంప్యూటర్ వేడెక్కుతుంది."

"ఫ్యాన్ తుడిచిండ్రా?" అన్నడు ముఖీత్ ఫోన్ల.

గిది డిపార్ట్‌మెంట్ కోడు. ఢిల్లీల ఏసీ రూంల కూసోని ఎవరో మేధావి పెట్టిండు. మా నిజామాబాద్ జిల్లా ఎండకు ప్రతి ఇంట్ల కంప్యూటర్ వేడెక్కుతదని ఆయనకేం తెల్సు పాపం! బోధన్ల రిపేర్ దుకాణం పెట్టుకోని కూసున్న ముఖీత్, అంటే ఏజెంట్ సెవెంటీన్‌కు ఆరేండ్లల గీ మాట నాలుగొందల సార్లు వినవడ్డది. మూడొందల తొంభై ఎనిమిది సార్లు నిజంగనే పోయి ఫ్యాన్ తుడిచి వచ్చిండు. అందుకే మూడో మాట అసలైన మాట.

"తుడిచినం. దుమ్ము సరిహద్దు అవతలికెల్లి వస్తుంది."

ముఖీత్ సీదగ కూసున్నడు. అవతల ఉన్నది బాస్. కోడ్ నేమ్ బాపు.

"రుద్రూర్ రోడ్డు మీద చెరుకు విత్తనాల ప్రైవేట్ ల్యాబ్. ఎరికేనా?"

"ఎరికే."

"సగం నీళ్లకే పండే చెరుకు తయారు చేసిండ్రు. పదకొండేండ్ల పని, ఒక్క కంప్యూటర్ల ఉన్నది. ఫారిన్ ముఠా దాంట్ల వైరస్ ఎక్కించింది. ఇప్పుడు మిషిన్ బంద్. మామూలుగ ఆన్ చేస్తే నిమిషంల అంత ఖతం."

"ఆన్ చెయ్యకపోతే?"

"నాలుగింటికి కారు వస్తది. రిపేర్‌కని హార్డ్ డిస్క్ తీస్కపోతరు. దేశం దాటుతది. వైరస్ తాళంచెవి వాళ్ల దగ్గరున్నది."

"పోలీసును పంపుండ్రి."

"జీపు సూడంగనే లోపలున్న వాళ్ల మనిషి పవర్ బటన్ ఒత్తుతడు. నాకు ఫైళ్లూ కావాలె, ఆ మనిషీ కావాలె. నువ్వు సైగ చేసినంకనే జీపు."

"బాపూ, మీ పానం మంచిగున్నదా?"

ఫోన్ అప్పటికే కట్ అయింది.

ముఖీత్‌కు పిస్తోలు లేదు, ఎగిరే కారు లేదు. మెడల నల్లదారానికి ఓ పెన్‌డ్రైవ్ ఉన్నది, గంతే. ఉత్తగ ఫైళ్లు మోసేది కాదది. దాంట్ల ఓ సిస్టం సిస్టమే ఎక్కించి పెట్టుకున్నడు. కంప్యూటర్ సచ్చిపడున్నా సరే, దీన్ని గుచ్చి ఆన్ చేస్తే హార్డ్ డిస్క్‌ను నిద్ర లేపకుండనే మిషిన్ లేస్తది. వైరస్‌ను ఏరే టూల్, పోయిన ఫైళ్లను వెతికే టూల్, మరిచిన పాస్‌వర్డ్ తీసే టూల్, అన్ని అండ్లనే. జేబుల పట్టే దవాఖాన అనుకోండ్రి.

వేషం గూడ అక్కర్లే. చేతిల స్క్రూడ్రైవర్ ఉంటే ఏ గేటైనా తీస్తరు. మొఖం ఎవ్వరు సూడరు. "రిపేరన్న వచ్చిండు" అంటరు, బాగు కాంగనే తలుపేసుకుంటరు. పేరు అడిగినోళ్లు లేరు. ముఖీత్ అన్నది గూడ డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరే. అసలు పేరు అప్పుడప్పుడు తనే అద్దంల సూసుకుంట పిలుసుకుంటడు, మరిచిపోవద్దని.

ఒక్క నిరోష వేరు. నిజామాబాద్ల కంప్యూటర్ క్లాసులు చెప్తదట. ఎర్ర స్కూటీ, నల్లద్దాలు, నవ్వితే దుకాణంల ట్యూబ్‌లైట్ అక్కర్లేదు. మంగళారం మంగళారం లాప్‌టాప్ పట్టుకొస్తది. దాంట్ల ఏ రోగం లేదని మొదటి దినమే తెల్సింది ముఖీత్‌కు. అయినా గంటన్నర చేస్తడు. ఎందుకంటే కుర్సీల కూసోంగనే ఆమె అడుగుతది, "తిన్నవా సాబ్?" అని. ఆ మాట కోసం పెన్‌డ్రైవ్ ఎట్ల తయారు చెయ్యాల్నో మొత్తం నేర్పించిండు. ఇయ్యాల పొద్దుగాల గూడ వచ్చి, టిఫిన్ డబ్బ ఇచ్చి, దారం ముడి వదులైందని సర్ది కట్టి పోయింది.

ల్యాబ్ ఇంచార్జి చంద్రయ్య గేటు తీసిండు. "వచ్చినవా తమ్మి, మా ఆపరేటర్ మేడం లేదు, నాకు ఆన్ ఆఫ్ తప్ప తెల్వది."

ముఖీత్ పెన్‌డ్రైవ్ గుచ్చిండు. సగంల ఆగింది.

"గీ పోర్టుల ఏమున్నది సార్?"

"దసరాకు పూజ చేసినం గద. పసుపుకుంకుమ."

"లోపల్నా?"

"బొట్టు పెట్టేటందుకే రెండు పొక్కలిచ్చిండ్రనుకున్న!"

గట్టిగ నూకి, మిషిన్ ఆన్ చేసి, దేని మీదికెల్లి లేవాల్నో అడిగే ఎఫ్ ట్వెల్వ్ ఒత్తిండు. లిస్టుల హార్డ్ డిస్క్ ఒక్కటే కనవడ్డది. అది లేవకముందే కరెంటు వైర్ గుంజి పారేసిండు.

పెన్‌డ్రైవ్‌ను అంగితోని తుడిచిండు. తుడుసుకుంట ఆగిపోయిండు. దాని మూత పండ్లతోని తీసే అలవాటు ఆయనకు. ఆరేండ్ల గాట్లుండాలె. ఒక్కటి లేదు.

తన లాప్‌టాప్‌ల పెట్టి సూసిండు. టూల్‌కిట్ లేదు. అన్ని తుడిచేసే ప్రోగ్రాం ఉన్నది, వాళ్లకు దక్కకపోతే ఎవ్వరికి దక్కొద్దని. పసుపు అడ్డం పడకపోతే పదకొండేండ్ల చెరుకును తన చేత్తోనే నరికేటోడు.

"సార్, మీ ఆపరేటర్ మేడం దేని మీద వస్తది?"

"ఎర్ర స్కూటీ. ఎందుకు తమ్మి?"

"ఏం లేదు." ఎర్ర స్కూటీలు జిల్లాల ఎన్ని లేవు, అనుకున్నడు. మనసు లోపలికెల్లి ఎవరో నవ్వినట్టయింది.

టైం మూడు. బయట విత్తనపు చెరుకు లోడుతోని ట్రాక్టర్ ఆగున్నది. డీజే పాట దద్దరిల్లుతుంది. ముఖీత్ ఉరికిండు. డ్రైవర్ రాజేందర్ టేప్‌కు గుచ్చిన పెన్‌డ్రైవ్‌ను పీకిండు.

"ఓ అన్నా! నాలుగొందల పన్నెండు పాటలున్నయ్ దాంట్ల!"

"దేశం కోసం రాజేందర్."

"దేశానికి పాటలెందుకే?"

లాప్‌టాప్‌ల పెట్టి ఫార్మాట్ కొట్టిండు. దాసిపెట్టిన టూల్‌కిట్ నకలు, ఇమేజ్ ఫైల్‌ను దాంట్లకు ఎక్కించుడు షురూ చేసిండు. గీత మెల్లగ జరుగుతుంది. పది శాతం. ముప్పై. రాజేందర్ పక్కన నిలవడి ఒక్కో పాట పేరు యాది చేసుకుంట ఏడుస్తున్నడు. ఇరువై రెండు నిమిషాలకు నూరైంది.

మిషిన్‌కు ముందటి పొక్కలు పసుపుతోని నిండినయి, ఎనుక ఉన్నయి రెండే పోర్టులు, ఒకటి కీబోర్డుకు, ఒకటి మౌసుకు. మౌస్ పీకి పెన్‌డ్రైవ్ గుచ్చిండు. ఆన్ చేసి సెట్టింగులకు పోయి, మొదలు పెన్‌డ్రైవ్, తర్వాతనే హార్డ్ డిస్క్ అని వరుస మార్చిండు. సేవ్ కొట్టి, మిషిన్ మల్ల లేవకముందే వైర్ పీకి, తిరిగి పెట్టిండు. బాపుకు ఆ మనిషి గూడ కావాలె గద, బటన్ ఒత్తేటోళ్ల కోసం కూసున్నడు.

నాలుగుకు ఐదు నిమిషాలు తక్కువ. బయట స్కూటీ ఆగింది. ముఖీత్ జేబుల ఫోన్‌తోని బాపుకు మిస్డ్ కాల్ ఇచ్చిండు.

నిరోష లోపలికొచ్చి నల్లద్దాలు తీసింది. "తిన్నవా సాబ్?"

"డబ్బ ఇంక తెరవలే."

"సెవెంటీన్," అన్నది మెల్లగ. "నేను గూడ డిపార్ట్‌మెంటే. ట్వంటీ వన్. నిజామాబాద్ల ఐదేండ్లు ఫ్యాన్లు తుడిచిన. బాపు ఒక్కసారన్న తిన్నవా అని అడిగిండా నిన్ను? నన్ను వాళ్లు అడిగిండ్రు."

బయట జీపు హారన్ కొట్టింది. ఆమె వేలు పవర్ బటన్ మీదికి పోయింది.

"ఒత్తకు నిరోషా. ఒత్తకపోతే రిపోర్టుల నీ పేరు నేను రాయ."

ఒక్క ఘడియ ఆగింది. ఆ ఒక్క ఘడియల, ఆమె ఒత్తొద్దని కోరుకున్నంత గట్టిగ ముఖీత్ ఆరేండ్లల ఏదీ కోరుకోలే.

ఒత్తింది.

స్క్రీన్ నల్లగైంది. తర్వాత నీలిరంగు మెనూ లేచింది. వైరస్ ఏరుట. ఫైళ్లు దాచుట. హార్డ్ డిస్క్ పండుకోనే ఉన్నది.

"నీ పెన్‌డ్రైవ్ నా దగ్గరున్నది గద?"

"గిది ట్రాక్టర్‌ది."

ఆమె నవ్వింది, నిజంగనే. "మంచిగ నేర్పినవ్ సాబ్. నేనే సగం నేర్సుకున్న." పోలీసులతోని పోయేటప్పుడు తలుపు కాడ మల్లి సూసింది. "డబ్బల పప్పు పాడైతది. తిను."

కారును ఎడపల్లి కాడ పట్టుకున్నరు. ఫైళ్లు బతికినయ్. బాపు "గుడ్" అని ఒక్క మాట పంపిండు. ముఖీత్ ఒక్కడే కూసోని పప్పన్నం తిన్నడు. ఉప్పు తక్కువైంది. మొత్తం తిన్నడు.

మంగళారం వచ్చింది. కుర్సీ ఖాళీ. పన్నెండింటికి రాజేందర్ దిగిండు. "నా పాటలేవి?"

కింద మీద వడి వెతికి నాలుగొందల పదకొండు ఇచ్చిండు ముఖీత్.

"ఒకటి తక్కువుంది. గదే నాకు పానం!"

"వెతుకుతున్న. వచ్చే మంగళారం రా."

అప్పటిసంది ప్రతి మంగళారం వస్తున్నడు. కుర్సీల కూసుంటడు, తిడుతడు, ఛాయ్ తాగుతడు, పోయేటప్పుడు "తిన్నవానే?" అంటడు.

ఆ పాట ముఖీత్‌కు రెండో దినమే దొరికింది. టాప్ సీక్రెట్ అని రాసి సొరుగుల పెట్టి తాళమేసిండు.