మూడు వాషర్లు

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. ఎక్కడైనా ఒత్తు తప్పితే, దీర్ఘం ఎగిరిపోతే మన్నించండి. ఇది రాయడానికి నాకు నెల పట్టింది. చదవడానికి మీకు అంత పట్టదు లెండి.

ఆ ఉదయం ఇంటి ముందు పాత కారు నోరు తెరుచుకుని ఉంది. దాని ముందు చిన్న కూతురు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. రెండు వీధుల అవతల ఆ పిల్లకు కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. కుళాయి దగ్గర తల్లి బట్టలు నానబెడుతోంది.

“ఇది మూడోసారి అమ్మా! రెండుసార్లు నా చేత్తో సరిచేశాను. మళ్లీ మొదటికొచ్చింది. నాన్న బండే బాగుచేయలేనిదానివి మా బండ్లేం చేస్తావని అందరూ నవ్వుతున్నారు.”

“నన్నంటావేమే? ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని అందులో కూర్చునేదాన్ని నేను!”

ఆ మాట అక్షరాలా నిజం. నలభై ఏళ్ల నాటి ఆ కారుకు ఇంటాయన ముచ్చటపడి పవర్ స్టీరింగు పెట్టించారు. పంపు వేరే పెద్ద బండిది. దాంతో స్టీరింగు మరీ తేలికైపోయి, చిటికెన వేలితో తోసినా గిర్రున తిరుగుతుంది. పోయిన వారం వంతెన మీద ఆయన తుమ్మారు. అంతే, కారు పక్క వరసలోకి దూకింది. వెనక లారీవాడు వీళ్ల ఏడు తరాలనూ తలుచుకున్నాడు.

పోనీ ఎక్కడం మానేద్దామా అంటే వంతెన అవతల ఈవిడ అక్క మంచం పట్టి ఉంది. వారానికోసారి చెల్లెలు వెళ్లి తల దువ్వి, గోళ్లు తీసి, నాలుగు కబుర్లు చెప్పకపోతే ఆవిడ మెతుకు ముట్టదు. రెండు బస్సులు మారాలి. బస్సు మీది బోర్డు చదవడం ఈవిడకు రాదు. కాబట్టి ఆ కారే దిక్కు. ఎక్కాక దేవుడే దిక్కు.

“ఏం చేస్తే నిలుస్తుందే అది?”

“పంపు వాల్వులో పల్చటి వాషర్లు మూడు వేస్తే ఒత్తిడి తగ్గుతుంది. చక్రానికి కాస్త బరువొస్తుంది. వేశాను. విప్పి చూస్తే లేవు! గాలికి ఎగిరిపోయాయా?”

అలవాటు ప్రకారం ఆయన చొక్కా జేబు తడుముతున్న తల్లి చెయ్యి అక్కడే ఆగిపోయింది. జేబులోంచి మూడు వాషర్లు బయటికి వచ్చాయి.

ఆవిడ తడి చేత్తోనే లోపలికి వెళ్లి వాటిని ఆయన చదువుతున్న పేపరు మీద పడేసింది.

“ఇవేమిటండీ?”

“వాషర్లు.”

“అది నాకూ తెలుసు! అక్క దగ్గరికి నన్ను తీసుకెళ్తున్నారా, అక్క కన్నా ముందే పైకి పంపుతున్నారా?”

వెనకే కూతురు వచ్చింది. “నువ్వా నాన్నా తీసింది? అంత తేలికైతే రోడ్డు చేతికి తెలియదు. నీకు తెలియదా?”

“గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందట! ముప్ఫై ఏళ్లు బస్సు నడిపాను. నా బండి నాకిష్టమొచ్చినట్టు ఉంటుంది. మీ పని మీరు చూసుకోండి.”

కూతురు వాషర్లు తీసుకెళ్లి మళ్లీ బిగించి, ఇంజను తిప్పి, తండ్రిని పిలిచింది. “ఒక్కసారి గేట్లోంచి బయటికి తిప్పి చూపించు. నచ్చకపోతే నేనే తీసేస్తా.”

పౌరుషానికి పోయి ఆయన కూర్చున్నారు. ఎడమ చెయ్యి చక్రాన్ని లాగింది. కుడి చెయ్యి సగం దాకా పైకి వెళ్లి, అక్కడ ఆగి, ఒళ్లోకి జారిపోయింది. ఆయన మొహం అటు తిప్పుకున్నారు.

అద్దం పక్కన నిలబడ్డ ఆవిడకు అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆరు నెలలుగా ఆయన ఎడమ చేత్తో తల దువ్వుకోవడం. దండెం మీది తువ్వాలు అందిమ్మనడం. బొత్తాలు పెట్టమంటే, ముసలితనంలో మురిపాలేమిటని తను విసుక్కోవడం.

“ఎన్నాళ్ల నుంచండీ?”

“బస్సు చక్రం తిప్పీ తిప్పీ భుజం అరిగిపోయిందట. నడపొద్దన్నాడు డాక్టరు.” ఆయన గొంతు తగ్గింది. “నడపకపోతే నేనెవర్నే? నిన్ను వంతెన దాటించేదెవరు?”

“ఒంటిచేత్తో ఆరు నెలలు తిప్పారా నన్ను! చెప్పడానికి నోరు లేదూ?” తిట్టబోయి ఏడ్చేసింది. కొంగుతో మొహం తుడుచుకుని తలుపు తెరిచింది. “జరగండి.”

“ఎక్కడికి?”

“పక్క సీట్లోకి. నాకు నేర్పండి. చెయ్యి పోయింది గానీ నోరు పోలేదుగా.”

“ఈ వయసులోనా?”

“చావడానికి పనికొచ్చిన వయసు నడపడానికి పనికిరాదా?”

చక్రం పట్టుకుని తిప్పింది. కాస్త మొరాయించి తిరిగింది, తడి దుప్పటి పిండినట్టు. ఆ బరువు ఆ చేతులకు కొత్త కాదు.

“క్లచ్చు! క్లచ్చు తొక్కవే!”

“అరవకండి, తొక్కుతున్నాగా!”

కారు ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. కూతురు గేటు పట్టుకుని నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

లైసెన్సు కావాలంటే బోర్డులు చదవాలన్నారు. ఆయన పాత క్యాలెండరు వెనక ఎడమ చేత్తో వంకరటింకరగా ‘ఆగుము’ అని రాసిచ్చారు. ఆవిడ నేర్చిన మొదటి మాట అదే. అన్నాళ్లూ ఆవిడను బస్సులో తీసుకెళ్లి అక్కను చూపించి తీసుకొచ్చే పని కూతురు చేసింది.

పదినెలలకు ఆవిడే కారు నడుపుతూ వంతెన ఎక్కింది. సరిగ్గా మధ్యలోకి రాగానే పక్క సీట్లో ఆయన గట్టిగా తుమ్మారు. ఆవిడ ఉలిక్కిపడింది, చక్రం మీద చేతులు అదిరాయి. కారు మాత్రం గీత దాటలేదు.

“పర్లేదే డ్రైవరమ్మా,” అన్నారాయన.

ఇట్లు,
డ్రైవరమ్మ. వయసు డెబ్బై మూడు. ఆయన పోయాక చిన్నమ్మాయి షెడ్డు వెనక వాటాలో ఉంటున్నాను. కారూ నాతోనే ఉంది.