చానాకి ఆకుపచ్చ నక్షత్రం

"నీకు మామిడిపండు ఇష్టమా?" పట్నం గొంతుతో అడిగింది ట్యాబ్.

"చానా ఇష్టం!" అంది మూడో తరగతి తిరుపతమ్మ, కళ్ళు ఇంతింత చేసుకుని.

ట్యాబ్ మీద ఎర్ర ఇంటూ పడింది. "తప్పు. మళ్ళీ ప్రయత్నించు."

తిరుపతమ్మ మూతి వంకర పోయింది. "నాకిష్టమేగా టీచర్! తప్పెట్టయిద్ది?"

తెలుగు టీచర్ వందనకు ఒళ్ళు మండింది. గురజాలలోని ఆ ప్రైవేటు స్కూలుకు ఈ మాట్లాడే ట్యాబ్‌లను తెచ్చింది కొత్త కంప్యూటర్ సార్ ఉపేంద్ర. ఊరు బొబ్బిలి. ఎడమ బుగ్గన సొట్ట. ఆ సొట్టను ఆమె పనిగట్టుకుని చూడలేదు. కనబడింది, అంతే.

"ఏందండీ ఇది? పిల్లకున్న ఇష్టాన్ని తప్పంటదేంది మీ పెట్టె?"

"దానికి 'చాలా' అంటేనే తెలుస్తుందండి. 'చానా' తెలీదు."

"తెలీనప్పుడు మార్కులెందుకు వెయ్యాలి?"

సొట్ట మాయమైంది. మర్నాటి నుంచి అతను ఆమె క్లాసులో వెనక బెంచీ మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒళ్ళో ట్యాబ్. వందన అటు తిరిగితే చాలు, దాన్ని బోర్లా పెట్టేసేవాడు.

"నీ గొంతు రికార్డు చేస్తన్నాడే పిచ్చిదానా!" అంది స్టాఫ్‌రూమ్‌లో లెక్కల టీచర్ నీలిమ. "రేపు నీ గొంతుతో ట్యాబే పాఠం చెప్పిద్ది. ఇంక నీకు జీతమెందుకు?"

వందన నమ్మేసింది. ఈ ఉద్యోగం పోతే వినుకొండలో అన్నయ్య ఎరువుల కొట్లో బిల్లులు రాసుకోవడమే. ఇంట్లో ఎంత పోట్లాడితే దొరికిన బ్లాక్‌బోర్డది!

ఇక ఉపేంద్ర ఏం చేసినా అనుమానమే. వేడివేడి మిరపకాయ బజ్జీలు తెచ్చిపెడితే అనుమానం. (తినడం మాత్రం మానలేదు.) చినుకులు పడుతుంటే గొడుగు పట్టాడు, మరీ అనుమానం.

"నా గొంతుకు జలుబు చేసిద్దనేగా?"

"ఏటండీ?" అన్నాడతను, తను తడుస్తూ, తెల్లబోయి.

ఓ శనివారం స్కూలు వదిలేశాక జోరున వాన పట్టుకుంది. మర్చిపోయిన టిఫిన్ బాక్స్ కోసం క్లాసుకు తిరిగొచ్చిన వందన తలుపు దగ్గరే ఆగిపోయింది. లోపల ఉపేంద్ర ట్యాబ్‌తో మాట్లాడుతున్నాడు.

"సేనా... సానా... చేనా..."

"తప్పు," అంది ట్యాబ్.

"తప్పెట్టయిద్ది?"

అది తన క్లాసులో తిరుపతమ్మ అన్న మాట! వందన ఒక్క ఉదుటున లోపలికి వచ్చింది. "దొరికారు! మా మాటలు దొంగిలిస్తన్నారా?"

అతను బెంచీ మీంచి జారి కిందపడ్డాడు.

"మాటలు తీసుకున్నానండి, నిజమే. మీ గొంతు తీసుకోలేదు. అడక్కుండా ఎలా తీసుకుంటాను? ఏ మాటైనా దీనికి పదేపదే వినిపిస్తే గానీ ఒప్పుకోదు. మన పిల్లల మాటలు నేర్పిద్దామంటే, నా నోట్లో పడగానే అన్నీ బొబ్బిలి అయిపోతున్నాయి."

"మరి స్క్రీన్ దాచేవారేం?"

"ముందురోజు నేను పలికినవాటికి అన్నీ ఎర్ర ఇంటూలేనండి. మీరు చూస్తే పరువు పోదూ?"

"నన్నే అడగొచ్చుగా?"

"మీరు చూసే చూపుకి అడిగే ధైర్యం ఎక్కడిదండి?"

గోల విని కరస్పాండెంట్ శివరామయ్య గొడుగు దులుపుకుంటూ వచ్చాడు. సంగతి విని ట్యాబ్ అందుకున్నాడు.

"నీకు వాన ఇష్టమా?" అడిగింది ట్యాబ్.

"చానా!" అన్నాడాయన దర్జాగా.

ఎర్ర ఇంటూ.

"ఏందయ్యా! పుట్టినకాడి నుంచి మాట్లాడే నా తెలుగు తప్పా?"

వందన ఇక ఆగలేకపోయింది. "సార్, ఇవొచ్చాయని నన్ను తీసేస్తారా?"

"తీసేస్తే దీనికి బుద్ధులెవరు చెప్తారమ్మా? క్లాసులో నోరిప్పని పిల్లలు దీని ముందు గలగలా మాట్లాడుతున్నారు, అందుకు తెచ్చాం. మాట్లాడినదాన్ని తప్పంటే మళ్ళీ నోరు మూసుకుంటారు. ఇద్దరూ కూర్చుని నేర్పండి." గుమ్మం దాటుతూ వెనక్కి చూశాడు. "పోట్లాడుకోకుండా!"

ఆ రోజు నుంచి స్కూలు వదిలాక ఆమె పలికేది, అతను ట్యాబ్‌కు ఎక్కించేవాడు. మధ్యలో బజ్జీలు. చివరి బజ్జీ ఎవరిదని మాత్రం పోట్లాట.

ఒకనాడు తిరుపతమ్మ మళ్ళీ "చానా ఇష్టం!" అంది. ఆకుపచ్చ నక్షత్రం తళుక్కుమంది. ఆ పిల్ల ట్యాబ్‌కు ముద్దుపెట్టి, అందరికీ చూపిస్తూ క్లాసంతా పరుగు తీసింది.

పిల్లలు వెళ్ళాక ఉపేంద్ర ట్యాబ్ తెచ్చి వందన చేతిలో పెట్టాడు. "ఒక్క టెస్టు మిగిలిందండి."

"నీకు ఉపేంద్ర ఇష్టమా?" అడిగింది పట్నం గొంతు.

వందన కళ్ళు చిట్లించింది. "ఈ ప్రశ్న మూడో తరగతి పాఠంలో ఉందా?"

"లేదండి. పొద్దున పెట్టాను." అతని చెవులు ఎర్రబడ్డాయి. "జవాబు చెప్పకపోయినా పర్లేదు. తీసేస్తాను."

బయట చినుకు మొదలైంది. ఆమె ట్యాబ్‌ను పెదాల దాకా తెచ్చుకుని, దానికి మాత్రమే వినబడేటట్టు ఒక్క మాట చెప్పింది.

స్క్రీన్ మీద ఆకుపచ్చ నక్షత్రం. అతని బుగ్గన సొట్ట.

"ఇది రికార్డయిందా?" అంది వందన అనుమానంగా.

"అ... అయిందండి."

"అయితే చెరపమాకండి."