అక్క వద్దన్న గది

అక్కావాళ్ళింట్లో వెనక గది తలుపు తీయగానే అతనికి ముందు కనిపించినవి రెండు పాదాలు. స్టూలు మీద మునివేళ్ళపై నిలబడి ఉన్నాయి. ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి. వడ్రంగం నేర్చుకుంటున్న రోజుల్లో దాన్ని చేసింది అతనే.

"దిగండి, అది ఊగుతుంది," అన్నాడు.

"ఊగుతున్నట్టు నాకూ తెలుస్తోంది. కాస్త పట్టుకోండి," అంది పైనున్న అమ్మాయి, వెనక్కి తిరక్కుండానే.

పట్టుకున్నాడు. పావుగంట అలాగే పట్టుకుని ఉన్నాడు. ఈలోగా ఆమె గోడ మీద సుద్దతో ఓ ఏనుగునీ, దాని వీపు మీద వరసగా పిట్టల్నీ గీసేసింది. దిగాక తెలిసింది, ఆమె బడులకీ పిల్లల గదులకీ గోడ బొమ్మలు వేసే పెయింటరని. ఇద్దర్నీ పిలిచింది బావే. ఒకరి సంగతి ఒకరికి చెప్పలేదు. అక్కకి ఏడో నెల. ఆమె బళ్ళో పాఠాలు ముగించుకుని వచ్చేలోగా గది పని మొదలైపోతే ఇక కాదనలేదని బావ లెక్క.

అసలు చిక్కు ఏమిటంటే, పాపాయి మంచం కోసం అతను అనుకున్న గోడనే ఆ అమ్మాయి ఏనుగుకి రాసిచ్చేసింది. అతను జేబులోంచి టేపు తీసి అటూ ఇటూ కొలిచి, మంచం వేస్తే ఏనుగుకి కాళ్ళు మిగలవని తేల్చాడు. అయితే మంచాన్నే కిటికీ కిందకి జరపమంది. అక్కడ ఎండ పడుతుందన్నాడు. పరదా అనే వస్తువు గురించి మీరు విన్నారా అని అడిగింది. అప్పటికప్పుడే అతనికి "టేపుగారు" అని పేరు కూడా పెట్టేసింది.

వాదన తేలకముందే అక్క వచ్చింది. గుమ్మంలో ఆగి గోడ వైపు చూసింది. ముఖం పాలిపోయింది.

"ఇప్పుడొద్దు. ఇద్దరూ బయటికి రండి," అంది మెల్లగా. వాళ్ళు రాగానే తలుపు దగ్గరగా వేసి గొళ్ళెం పెట్టి, తన గదిలోకి వెళ్ళిపోయింది.

గేటు దగ్గర ఆ అమ్మాయి, తన బొమ్మ అంత అన్యాయంగా ఉందా అని అతన్ని అడిగింది. చెబితే అక్క కథంతా చెప్పాలి. అది తను చెప్పేదేనా అని అతను తటపటాయించాడు. ఆ మౌనాన్ని ఆమె అవునన్న జవాబుగా తీసుకుని, సుద్దముక్కల డబ్బా చంకన పెట్టుకుని విసవిసా వెళ్ళిపోయింది.

మర్నాడు బావనడిగి ఆమె ఎక్కడ పని చేస్తోందో తెలుసుకుని బయల్దేరాడు. ఊరి చివర ఓ బడి ప్రహరీగోడకి రంగులు వేస్తోంది. అతను నోరు తెరిచేసరికి వాన మొదలైంది. తడి రంగు కారిపోతుందని ఆమె టార్పాలిన్ లాగింది. అతను పరుగెత్తి రెండో కొస అందుకున్నాడు. గోడకీ టార్పాలిన్‌కీ మధ్య ఇద్దరికే చోటుంది. చేతులు పైకెత్తి నిలబడితే తప్పించుకుపోయే వీలు లేదు.

"రెండేళ్ళ కిందట ఆ గదంతా సిద్ధం చేశాం," అన్నాడు. "మంచం నేనే చేశాను. పాపాయి దక్కలేదు. అక్క ఆస్పత్రి నుంచి వచ్చేలోగా మంచం విప్పిందీ నేనే. అప్పట్నుంచీ ఆ తలుపు ఎప్పుడూ వేసే ఉంటుంది. మీ బొమ్మకేం, బాగుంది. నిన్ననే చెప్పాల్సింది."

పైన వాన దబదబా కొడుతోంది.

"ఆవిడ రమ్మనేదాకా ఆ గది గడప తొక్కను," అందామె. "మీ వర్క్‌షాపు గడప తొక్కొచ్చుగా?"

ఆమె ఉపాయం తేలికైనదే. గోడ మీద కాకుండా ప్లైవుడ్ చెక్కల మీద బొమ్మలు వేస్తుంది. అతను మంచాన్ని విడి భాగాలుగా చేసి ఉంచుతాడు. బిడ్డ క్షేమంగా పుట్టి, అక్క సరేనన్న రోజున అన్నీ తీసుకెళ్ళి ఒక్క పూటలో బిగించేస్తారు. ఒకవేళ అక్క వద్దంటే ఇవన్నీ చేసిన సంగతి అక్కకి తెలియనే తెలియదు.

అలా దాదాపు రెండు నెలలు ప్రతి సాయంత్రం ఆమె వర్క్‌షాపుకి వచ్చింది. చెక్కపొట్టు తన రంగుల్లో పడుతోందని సణిగేది. తన చెక్కల మీద అన్ని వంకర గీతలేమిటని అతను సణిగేవాడు. ఏనుగు కాళ్ళ తగువు వారం రోజులు నడిచాక, దాన్ని కూర్చోబెట్టేస్తే గొడవ వదులుతుందని అతనే అన్నాడు. ఆమె నవ్వడం మొదలుపెడితే ఎంతకీ ఆపలేదు. ఆ నవ్వు విన్నాక అతను చిత్రిక పట్టిన చెక్కనే మళ్ళీ పట్టి, అది సన్నబడిపోయాక చూసుకున్నాడు.

నెలలు నిండడానికి మూడు వారాల ముందే అక్కకి నొప్పులొచ్చాయి. ఆ రోజంతా వర్క్‌షాపులో ఇద్దరూ ఏ పనీ ముట్టుకోలేదు. ఫోనుని బల్ల మధ్యలో పెట్టుకుని చెరోవైపు కూర్చున్నారు. సాయంత్రానికి బావ ఫోన్ చేశాడు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. ఆ అమ్మాయి ముఖం రెండు చేతుల్లో దాచుకుంది.

మర్నాడు పొద్దున్నే అక్కే ఫోన్ చేసింది.

"ఒరేయ్, నా కూతురు కళ్ళు తెరిచి చూస్తోందిరా. ఆ గొళ్ళెం తీసెయ్. దానికో గది కావాలి. ఆ అమ్మాయిని కూడా పిలువు."

అన్నీ సిద్ధంగానే ఉన్నాయని అతను నసిగాడు.

"తెలుసులే. నీ చొక్కాలకి ఆ నీలం రంగు రెండు నెలలుగా చూస్తూనే ఉన్నాను," అంది అక్క.

ఆస్పత్రి నుంచి వాళ్ళు వచ్చే రోజు మధ్యాహ్నానికి గది పూర్తయింది. పసుపు పరదాలు, లేత ఆకుపచ్చ మంచం, గోడంతా పిట్టలు. ఇక మిగిలింది ఆఖరి చెక్కకి ఒక్క స్క్రూ. అతను దాన్ని తిప్పుతూనే ఉన్నాడు.

"అది ఎప్పుడో బిగిసిపోయింది," అందామె.

"తెలుసు. ఇది అయిపోతే రేపట్నుంచి మీరు రారు," అన్నాడు గోడకేసి చూస్తూ. "మీరు రాని వర్క్‌షాపులో నేనేం చెయ్యాలో నాకు తోచడం లేదు."

ఆమె బ్రష్షులు కడగడం ఆపేసింది. "రెండు కోటింగులతో సరిపోయే చెక్కలకి నాలుగేసి వేశాను. ఎందుకనుకున్నారు?"

"పని మీద శ్రద్ధేమో అనుకున్నాను."

ఆమె నుదురు కొట్టుకుంది. ఇంకేదో చెప్పబోతుంటే బయట కారు ఆగింది.

అక్క పాపని ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. వెనక బావ రెండు చేతులా సంచులతో నిలబడ్డాడు. ఎవరూ రమ్మనలేదు, తొందరపెట్టలేదు. కాసేపటికి అక్క తనంతట తానే లోపలికి అడుగు పెట్టింది. మంచం అంచు తడిమింది. పిట్టల్ని ఒక్కొక్కటిగా చూసింది. కూర్చున్న ఏనుగుని చూసి నవ్వు, దాంతోపాటే ఏడుపూ వచ్చేశాయి.

కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. తమ్ముడు చేతులు చాపాడు. అక్క అతన్ని దాటి వెళ్ళి, పాపని ఆ అమ్మాయి చేతుల్లో పెట్టింది.

"కాసేపు అత్త దగ్గరుండమ్మా," అంది.

అతని చెవులు వేడెక్కాయి. అక్క ఊరికే పిలుపుకి అలా అన్నదని, ఏమీ అనుకోవద్దని ఆమెకి సర్దిచెప్పబోయాడు.

"పిలుపుకేం కాదు," అందామె, పాప మీంచి చూపు తిప్పకుండానే. "నిజంగా అత్తనే."

బావ సంచులు కింద పెట్టి, వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.