చల్లారని బండి

గుత్తి దాటాక ఉన్న పాత విమానాల మైదానం ముందు ఒంటిబండి ఆగింది. తలుపు తానే తీసుకుని, చౌడేశ్వరిని దింపేసి, మళ్ళీ తానే వెళ్ళిపోయింది. దారంతా పలకరించిన మనిషి లేడు. ఎట్లా ఉంటాడు? అప్పటికి దేశంలోని బండ్లన్నిటినీ దారిమనసు అనే యంత్రమే నడిపేది. స్టీరింగులు పోయాయి, డ్రైవర్లు పోయారు, చివరికి పక్క సీటు కూడా పోయింది. మనిషికొక బండి, బండికొక సీటు. గుద్దుకోవడాలు లేవు, చావులు లేవు. మంచిదే, కాదనను. కానీ బస్సులో "కొంచెం జరుగమ్మా" అనే మాట కూడా ఆ సీట్లతోనే పోయింది కదా. భర్త పోయాక చౌడేశ్వరికి మనిషి గొంతు వినబడేది ఈ మైదానంలో ఒక్కచోటే.

చేత్తో బండి నడిపే సరదా చావనివాళ్ళ కోసం దీన్ని మిగిల్చారు. ఆదివారం ఆదివారం పరుగుల రోజు. ఆమె ఎర్ర బండి అక్కడి షెడ్డులోనే ఉంటుంది. నాలుగు తలుపుల బండి, నాలుగు చక్రాలకూ ఇంజను బలం. మలుపులో తొక్కితే నాలుగూ నేలను కరుచుకుని లాగుతాయి. లోపల టర్బో అని ఒకటుంది. ఇంజను వదిలే పొగే దాన్ని గిర్రున తిప్పుతుంది, అదేమో ఇంజనులోకి గాలి కుక్కుతుంది, బండి ఎగిరి దూకుతుంది. దాంతో ఒకటే పేచీ. పరుగు అయ్యేసరికి నిప్పుకణికలా ఉంటుంది. టక్కున ఇంజను ఆపితే లోపలి ఆయిలు మాడిపోతుంది. అందుకని ఏసీ కట్టేసి, ఇంజను ఊరికే తిరగనిస్తూ కూర్చోవాలి. పక్కన కాపుమనిషి ఉంటాడు, ప్రమాదమైతే బండి ఆపే మీట అతని చేతిలో. బండి చల్లారేదాకా అతనూ దిగకూడదని మైదానం కట్టడి; చల్లారాక తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి.

ఆమెకు కాపుమనిషి హుస్సేనన్న, డెబ్బై దాటినవాడు. ఆ ఉక్కలో కూర్చునే పోయిన భార్య మస్తానమ్మ కథ చెప్పేవాడు. పక్కింటి ఓళిగలకు పిండి పిసుకుతూ చెవికమ్మ అందులో జారవిడిచిందట. వీధంతా పంచాక గానీ చెవి తడుముకోలేదట.

"అప్పుడేం చేసిందన్నా?"

"ఏం చేస్తాది, ఇంటింటికీ పోయి, తినేటప్పుడు గట్టిగా ఏమన్నా తగిలిందా అని అడిగింది. ఒక ముసలాయన ఊడిన పన్ను చేతిలో పెట్టి, ఇదేనేమో చూడుమ్మా అన్యాడు!"

వారానికొక ఇంటి కథ. చౌడేశ్వరి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వేది.

ఎండలు ముదిరాయి. తుండుతో మెడ తుడుచుకుంటూ అతను ఆయాసపడుతుంటే ఆమె చూడలేకపోయింది. అన్నకు చెప్పకుండా బండికి చలువగుండె పెట్టించింది. కొత్తగా వచ్చిన యంత్రం. ఎంత వేడినైనా రెప్పపాటులో మింగేస్తుంది.

ఆ ఆదివారం పరుగు ముగిసి బండి నిలిచీ నిలవగానే ఇంజను మూగబోయింది. ముందు తలుపులు రెండూ తెరుచుకున్నాయి.

"కడాకు ఇంగొక ఇల్లే మిగిల్నింది చెల్లెమ్మా..." అంటున్న హుస్సేనన్న ఆగిపోయాడు.

అతని కాలరుకున్న స్పీకరులోంచి మైదానం గొంతు పలికింది: "బండి చల్లారినది. కాపుమనిషి నీలం బండికి వెళ్ళవలెను."

"ఏమ్మా, నా సోది ఎక్కువాయనా?" అని నవ్వబోయి, తుండు భుజాన వేసుకుని దిగిపోయాడు.

మరుసటి వారం ఆమె అసలు సంగతి చెప్పుకుంది. "తెలుసులే చెల్లెమ్మా, నా కోసమే కదా" అన్నాడు. కానీ తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి, గొంతు మళ్ళీ పిలిచింది. షెడ్డులో మెకానిక్కు గంగరాజును చలువగుండె తీసెయ్యమని అడిగితే, "తీస్తే ఇంజనే లేయదు మేడం. అయినా చల్లంగుండేది పీకి వేడిది పెట్టమంటారా ఎవురన్నా?" అని నవ్వాడు. ఆమెను చూసి మిగతావాళ్ళూ పెట్టించుకున్నారు. కాపుమనుషులు ఒక బండి దిగి ఇంకో బండికి పరుగెత్తడమే పనయింది. మైదానంలో మాట వినబడటం మానేసింది. ఆమె మాత్రం ఎన్నడూ లేనంత బాగా నడిపేది. నడిపి, ఒంటిబండెక్కి, ఇంటికి పోయేది.

ఒకనాడు తలుపులు తెరుచుకోగానే ఉన్నట్టుండి అంది: "అన్నా, బండి ఇంకా కాలుతాంది. దిగి చూడు."

హుస్సేనన్న దిగి, ముందుకొచ్చి బానెట్టు మీద అరచెయ్యి పెట్టాడు. నీళ్ళకుండలా చల్లగా ఉంది. అద్దంలోంచి ఆమెను చూశాడు. రెండు చేతులా స్టీరింగు పట్టుకుని తల దించుకుని ఉంది. అతను చెయ్యి చటుక్కున లాక్కుని, ఉఫ్ ఉఫ్ అని ఊదుకున్నాడు.

"యబ్బా! బొబ్బలెక్కేట్టుండాది!" అని కాలరులోకి అరిచాడు.

"వేడి లేదని యంత్రం చూపుతున్నది."

"యంత్రానికి చెయ్యుండాదా? నాకుండాది. చల్లారేదాకా నేను ఈ బండి వదిలేది లే."

ప్రమాదం దగ్గర మనిషి మాటకే మొగ్గు అని మైదానం కట్టడిలో ఎవరో ఎప్పుడో రాసిపెట్టి ఉన్నారు. గొంతు ఊరుకుంది. అతను వచ్చి కూర్చుని తలుపు లాక్కున్నాడు.

"ఆ కడా ఇంట్లో కమ్మ దొరికిందా అన్నా?"

"తొందరేముంది చెల్లెమ్మా. బండి చల్లారనీ."

బయట ఎండ మండిపోతోంది. ఇద్దరికీ చెమటలు ధారలు కట్టాయి. ఆమె చెయ్యి ఏసీ మీట దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. కాలుతున్న బండిలో ఏసీ వెయ్యరు కదా.