బోర్డు కింద సగం

ఫుట్‌బాల్ అంటే నాకు లోకువ. ఇరవై రెండు మంది గంటన్నర పరిగెత్తి, చివరికి సున్నా సున్నా అని చేతులు కలుపుకుని ఇళ్ళకు పోయేదాన్ని ఆట అనడానికి నాకు నోరు రాదు. మధ్యలో ఒకడి భుజం ఇంకొకడికి తగిలితే చాలు, వాడు గడ్డి మీద పడి మూడు పొర్లు పొర్లుతాడు. మా రాజుపాలెంలో మిరప కోతకు వచ్చిన ఆడవాళ్ళు కాలికి తుమ్మముల్లు దిగితే లాగి పారేసి మళ్ళీ సాలు పట్టుకుంటారు.

వీడియో గేముల సంగతి ఇంకా అన్యాయం. మంచం మీద పడుకుని రెండు బొటనవేళ్ళతో ఆడే ఆటకు జెర్సీ కూడా వేసుకుంటారు. ఎవరైనా అడిగితే నేను ఆడనని చెబుతాను. నా ఫోన్లో ఉన్నది ఎవరికీ చూపించను.

ఇలాంటి అభిప్రాయాలు నా దగ్గర చాలా ఉన్నాయి. రాసుకోవడానికి ఒక బోర్డు కూడా ఉంది.

మాది ఎరువుల షాపు. వాకిట్లో స్టాండు మీద నల్లబోర్డు ఉంటుంది. సాగర్ కాలువ నీళ్ళు ఏ రోజు ఏ ఊళ్ళకు వదులుతారో దాని పై సగంలో రాస్తాను. కాలువ తూములెత్తి దించే లష్కర్ బ్రహ్మయ్య బాబాయ్ రోజూ పొద్దున్నే గట్టు మీద నుంచి ఫోన్ చేసి ఆ వంతు చెబుతాడు. నాలుగేళ్ళలో ఆయన మాట ఒక్కసారి కూడా తప్పలేదు. రైతులు బండి ఆపి, బోర్డు చదివి, దాని ప్రకారం పొలానికి పోతారు. కింద సగం ఖాళీగా ఉండేది. ఖాళీ చూస్తే నా చెయ్యి ఊరుకోదు. మా నాన్న రామబ్రహ్మం మొదట్లో తిట్టాడు, తర్వాత విసుగొచ్చి మానేశాడు.

నా పేరు త్రికోటేశ్వరరావు. కోటప్పకొండ మొక్కు. ఊరంతా త్రికోటి అంటారు. వయసు ఇరవై ఏడు. పదో తరగతి తర్వాత పరిగెత్తిన జ్ఞాపకం లేదు.

ఆ నవంబరు ఉదయం కింద సగంలో ఇలా రాసి ఉంది: "బేస్‌బాల్: క్రికెట్ రానివాళ్ళు కనిపెట్టిన ఆట. బంతులు నాలుగు పక్కకు వేస్తే చాలు, బ్యాటు పట్టుకున్నవాడు నడుచుకుంటూ ముందుకు పోవచ్చు. నడిచినవాడికి చప్పట్లు కొట్టే ఆట లోకంలో ఇదొక్కటే."

రాసి చేతులు దులుపుకుంటుంటే ఒక స్కూటీ ఆగింది. ట్రాక్ ప్యాంటు, మెడలో విజిల్, ఎండకు కమిలిన ముఖం. ఆ ముఖంలో కళ్ళు మాత్రం ఎవరినీ లెక్కచేసేలా లేవు.

"ఖాళీ యూరియా గోతాలు నాలుగు ఇస్తారా అండీ?"

"ఎందుకు మేడం?"

"ఇసక పోసి బేసులు చేసుకోటానికి. స్కూల్లో పిల్లలకి బేస్‌బాల్ నేర్పిస్తన్నా."

బోర్డుకు అడ్డంగా నిలబడదామనుకున్నాను. అప్పటికే ఆలస్యమైంది. ఆమె చదవడం మొదలుపెట్టి, ఒక్క అక్షరం వదలకుండా చివరిదాకా చదివింది.

"ఇది రాసింది ఎవరు?"

"నేనే."

"మీరు ఏం ఆడతారు?"

"చూస్తాను."

"చూడటం ఆట కాదండీ."

"బేస్‌బాల్ కూడా కాదండీ."

ఆమె నవ్వలేదు. వేలు పెట్టి బోర్డు పై సగం చూపించింది.

"ఇది చెప్పేది మా నాన్న. చీకటితో లేచి, గట్టెక్కి, నీళ్ళు ఎంతున్నాయో చూసి చెప్పే మాట ఇది. ఇదిగో, ఈ కిందది నువ్వు పళ్ళు తోముకుంటా అనుకున్న మాట. రెండూ ఒకే సుద్దముక్కతో రాస్తావా?"

మీరు నుంచి నువ్వులోకి దిగడానికి ఆమెకు రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాల్లో నా పని అయిపోయింది. గోతాలు ఆమె స్కూటీ మీద నేనే సర్దాను. ఆమె థాంక్స్ చెప్పకుండా వెళ్ళింది.

"ఆ పిల్ల పేరు ధరణి. బ్రహ్మయ్య కూతురు, హైస్కూల్లోకి కొత్తగా వచ్చిన ఆటల టీచరు," అన్నాడు నాన్న లోపల నుంచి. "దాంతో పెట్టుకోమాక. నువ్వు తట్టుకోలేవు."

పెట్టుకోకుండా ఎలా ఉండాలో నాకు తెలియలేదు. ఆమె మళ్ళీ రావాలి. మా షాపులో ఆమెకు కావలసిన వస్తువు ఇంకేమీ లేదు. ఆమెను రప్పించగలిగింది కోపం ఒక్కటే అని నాకు తోచింది. మర్నాడు కింద సగం తుడిచి పెద్ద అక్షరాలతో రాశాను: "బేస్‌బాల్ ఎందుకూ పనికిరాదు. పిల్లల టైం దండగ. ఆ సాయంత్రాలు మిరప తోటలో గడిపినా నయం."

ఆ రోజు ఆమె రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో రోజు సాయంత్రం వచ్చింది. నేను తల దువ్వుకుని, నాలుగు ఎదురు మాటలు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆమె స్కూటీ దిగలేదు.

"ఉష రెండు రోజుల నుంచి ప్రాక్టీసుకి రావట్లా," అంది మెల్లగా.

"ఉష ఎవరు?"

"యోబన్న కూతురు. పదో తరగతి. మా టీములో బంతి వేసేది ఆ పిల్లే. ఇంటికి పోయి అడిగా. 'బోర్డు మీద రాశారు గదమ్మా, ఎందుకూ పనికిరాదని. పిల్లని తోటలోకి రమ్మన్నా' అన్నాడు."

"అదేంది? నా రాతలు చదివి నవ్వుకుంటారు గదా అందరూ."

"మంగళవారం నీళ్ళొస్తాయని రాస్తే మంగళవారం వచ్చే బోర్డు అది. దాని మీద కూతురి టైం దండగని రాసుంటే ఏ తండ్రి నవ్వుతాడు? శనివారం నరసరావుపేటలో జిల్లా సెలక్షన్లు. తొమ్మిది మంది ఉంటేనే దిగనిస్తారు. నాకున్నదే తొమ్మిది మంది. ఇప్పుడు ఎనిమిది."

నేను సిద్ధం చేసుకున్న మాటల్లో ఒక్కటీ పనికి రాలేదు.

"తిట్టు," అన్నాను. "తిట్టటానికే వచ్చావనుకున్నా."

"ఓపిక లేదు," అని స్కూటీ తిప్పుకుంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా జన్మలో నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

మర్నాడు పొద్దున్నే యోబన్న మిరప తోటకు వెళ్ళాను. ఆయన మందు కొడుతున్నాడు. ఉష రెండు సాళ్ళ అవతల కలుపు తీస్తూ, నన్ను చూసి తల తిప్పుకుంది.

"యోబన్నా, ఆ బోర్డు మీద రాసింది నా నోటి దూల. నమ్మమాక. పిల్లని పంపు."

ఆయన మందు పంపు ఆపాడు. "నోటి దూలా? మరి మంగళవారం నీళ్ళు?"

"అది నిజం."

"ఒకే చెయ్యి గదా రాసింది. సగం నిజం, సగం దూల అయితే ఏది ఏందో మాకెట్టా తెలవాల? నువ్వు రేపు తప్పయిందని రాస్తావ్. అప్పుడు నీళ్ళ మాట కూడా తప్పేమోనని కాలువ దాకా నడిచి నేను చూసుకోవాల్నా?"

నాలుగేళ్ళుగా బ్రహ్మయ్య బాబాయ్ సంపాదించి పెట్టిన నమ్మకం మీద కూర్చుని నేను వాగుతున్నానని అప్పుడు తెలిసింది.

"నోటితో చెప్పమాక, కంటికి కనపడాల," అన్నాడు యోబన్న. "ఎందుకూ పనికిరాని ఆట అయితే నీకు తేలికే గదా. పిల్ల బంతి వేస్తది. నువ్వు కొట్టావా, బోర్డు రైటు, పిల్ల తోటలో ఉంటది. కొట్టలేకపోయావా, ఆ రాత తప్పని నేనే నలుగురికీ చెప్తా."

ఉష కలుపు మొక్క చేతిలో పట్టుకుని లేచి నిలబడింది. ఆ పిల్ల నన్ను చూసిన చూపు ధరణి దగ్గర నేర్చుకున్నదే.

బంతులు కావాలనే వదిలేద్దామని నిశ్చయించుకుని గురువారం సాయంత్రం గ్రౌండుకు వెళ్ళాను. ధరణి హెల్మెట్ నా తల మీద పెట్టి గట్టిగా ఒక్కటి చరిచింది.

"కావాలని వదిలేసేవు, జాగర్త. యోబన్న కనిపెడతాడు. నేనూ కనిపెడతా. ఆ పిల్ల గెలిస్తే నిజంగా గెలవాల."

"నేను కొట్టేస్తే?"

ఆమె నన్ను కింద నుంచి పై దాకా చూసింది. "ఆ భయం నాకు లేదు."

నేను వదిలేయాల్సిన అవసరం కూడా రాలేదు. మొదటి బంతి వచ్చిన సంగతి, వెనక కూర్చున్న పిల్ల గ్లవ్‌లో చప్పుడైతే తెలిసింది. రెండోదానికి కళ్ళు మూసుకున్నాను. మూడోది నడుం ఎత్తులో నేరుగా వచ్చి, చివర్లో కిందికి జారింది. ముగ్గురు రైతులు సైకిళ్ళు ఆపారు. ఐదో బంతికి ఉన్న బలమంతా పెట్టి తిప్పాను. బ్యాటుతో పాటు నేనూ తిరిగి, కింద పడి, మూడు పొర్లు పొర్లాను.

"ముల్లేమన్నా దిగిందా అబ్బాయ్?" అన్నాడు యోబన్న గట్టు మీద నుంచి. పిల్లలంతా విరగబడి నవ్వారు.

తొమ్మిది బంతులు ఒప్పందం. తొమ్మిదోదానికి నాకు నిజంగా పౌరుషం వచ్చింది. ఆ ఒక్కటీ కొట్టాలని మనసారా కోరుకున్నాను. కళ్ళు తెరిచి, బంతినే చూస్తూ తిప్పాను. నాకు తగిలింది గాలి.

యోబన్న చాలాసేపు కూతుర్ని చూశాడు. "బోర్డు తప్పు," అన్నాడు సైకిళ్ళవాళ్ళ వైపు తిరిగి.

"నీళ్ళ సంగతి కూడానా?" అన్నాడు వాళ్ళలో ఒకడు.

"నీళ్ళు బ్రహ్మయ్యవి. తప్పు త్రికోటిది."

శుక్రవారం పొద్దున బోర్డు మధ్యలో అడ్డంగా లావుపాటి గీత గీశాను. గీత పైన "లష్కర్ మాట" అని, కింద "త్రికోటి నోటి దూల" అని రాశాను. ఆ కింద, "ఉష వేసిన తొమ్మిది బంతుల్లో ఒక్కటీ నాకు తగల్లేదు. బేస్‌బాల్ గురించి రాసింది తప్పు. సాక్షి: యోబు." నాన్న బయటికి వచ్చి చదివి, నాలుగేళ్ళలో మొదటిసారి బోర్డు దుమ్ము తనే తుడిచాడు.

శనివారం టీము రెండో మ్యాచిలో ఓడిపోయింది. ఉషను మాత్రం రాష్ట్ర పోటీల జట్టుకు తీసుకున్నారు. ఆదివారం సాయంత్రం ధరణి వచ్చి నాలుగు గోతాలు కౌంటర్ మీద పెట్టింది. సన్నగా జల్లు పడుతోంది.

"తిరిగి ఇద్దామని వచ్చా."

"ఖాళీ గోతాలు ఎవరూ తిరిగి ఇవ్వరు."

"మరి ఎందుకొచ్చానంటావ్?"

నా దగ్గర అన్ని ఆటల మీదా అభిప్రాయాలున్నాయి. దీని మీద ఒక్కటీ లేదు. నిజమే చెప్పాను.

"రెండోసారి అంత ఘోరంగా రాసింది నువ్వు పోట్లాడటానికి వస్తావని. నువ్వంటే నాకు ఇష్టం, ధరణీ. మొదటి రోజు నుంచే."

"పోట్లాట కోసం ఒక పిల్ల ఆట పోగొట్టబోయావు."

"అవును. అది జన్మలో మర్చిపోను."

"మర్చిపోమాక. మర్చిపోతే నేను గుర్తుచేస్తా. రోజూ."

రోజూ అన్న మాట నాకు ఎక్కడానికి కొంచెం టైం పట్టింది. ఈలోగా ఆమె నా చేతిలోని సుద్దముక్క లాక్కుని, బోర్డును చూరు కిందికి జరిపి, కింద సగం తుడిచి రాసింది: "త్రికోటి: తొమ్మిది బంతులు, తొమ్మిది తప్పులు. ఆటకు పనికిరాడు. అయినా టీములో ఉంచుకుంటున్నాను. కోచ్."

"ఇంకోటి," అంది స్కూటీ ఎక్కుతూ. "మా నాన్నని బాబాయ్ అంటన్నావంట, నాలుగేళ్ళ నుంచీ. బాబాయ్ కూతురు నీకేమవుతుందో ఎప్పుడన్నా ఆలోచించావా?"

నేను వేళ్ళ మీద వరస లెక్కేసుకున్నాను. ఆమె ఆ వానలో మొదటిసారి నవ్వింది.

"అది నువ్వే దిద్దుకో. బోర్డు మీద కాదు."

సోమవారం పొద్దున ఫోన్ మోగింది. వెనక నుంచి తూము కింద నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"రాసుకోరా త్రికోటీ."

"చెప్పండి... మామయ్యా."

నీళ్ళ చప్పుడు దూరమైంది. ఆయన గట్టు దిగినట్టున్నాడు.

"మొన్నటిదాకా బాబాయ్‌ని గదరా నేను," అన్నాడు చివరికి.

"తప్పయింది. నాలుగేళ్ళుగా తప్పు పిలిచా."

"మా అమ్మాయి నీ బోర్డు మీద ఏందో రాసిందని యోబు చెప్పాడు. కింద సగంలో గదా?"

"కింద సగంలోనే."

"కింద సగం నేను నమ్మను. అది నోటి దూల అని నువ్వే రాశావంట."

నేను ఫోన్‌తోనే బోర్డు దగ్గరికి పరిగెత్తాను.

"నిజమైతే పైన రాయాల," అన్నాడు. "రాసుకో. బుధవారం పొద్దున మన ఊరి పొలాలకు నీళ్ళు. ఆదివారం మీ నాన్నని తీసుకుని మా ఇంటికి. రెండూ పైనే రాయి."

రెండూ పైనే రాశాను. ఆ ఆదివారం ఏ ఊరి వంతో అర్థం కాక, మధ్యాహ్నంలోపు ముగ్గురు రైతులు బండి ఆపి అడిగారు.