చెయ్యెత్తని స్టేషన్

"ఈ జంట రాయితీ కార్డు మీద ఇద్దరి మొహాలున్నాయి. ఇక్కడేమో ఒక్కదానివే ఉన్నావు. రెండో మొహం ఏదీ?" అన్నాడు రైలు గార్డు ప్రాసర్.

నెరిస్‌కు ఒళ్లు మండింది. "కుమ్‌హెలిగ్ స్టేషన్లో ఎక్కుతాడు సార్. అక్కడిదాకా నాది పూర్తి టికెట్టే. అక్కణ్ణించే ఇద్దరికీ మూడో వంతు తగ్గింపు. రూల్సు నాకూ తెలుసు!"

"కోప్పడకు తల్లీ. అతను ఎక్కేశాడుగా? ఈ ఫొటోలోవాడే. వెనక పెట్టెలో ఉన్నాడు. టికెట్‌కు చిల్లు కూడా కొట్టాను."

నెరిస్ కిటికీలోకి చూసింది. వేల్స్ కొండలన్నిటినీ పొగమంచు మింగేసింది. కుమ్‌హెలిగ్ ఇంకా రానే లేదు.

ప్రతి శుక్రవారం ఆ కార్డులోని ఇద్దరూ ష్రూస్‌బరీలో పాటల సాధనకు వెళ్తారు. పోయిన వారం ఎమ్రిస్ ఉన్నట్టుండి, "అసలు నేను నీకేమవుతాను?" అని అడిగాడు. ఈమెగారి నోరు ఊరుకుంటుందా! "మూడో వంతు తగ్గింపువి" అంది. అతను నవ్వలేదు. ఆ తర్వాత ఫోనూ లేదు. ఇవాళ రాకపోతే ఇక ఎప్పటికీ రాడని ఆమెకు భయం. వస్తే మాత్రం నిజం చెప్పేయాలని రాత్రంతా మాటలు కూర్చుకుంది.

వెనక పెట్టెలోకి పరుగెత్తింది. ఎవరూ లేరు. ఒక సీటు మాత్రం తడిసి ముద్దయింది. దాని చుట్టూ అతని ఉన్ని కోటు వాసన.

వెనకే వచ్చిన ప్రాసర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇప్పుడేగా ఇక్కడున్నాడు! రైలు ఎక్కడా ఆగలేదే... నీకో మాట చెప్పమన్నాడు. ఇవాళ చెయ్యి ఎత్తలేడట."

కుమ్‌హెలిగ్‌లో ప్లాట్‌ఫారం మీద ఎవరైనా చెయ్యెత్తితేనే రైలు ఆగుతుంది. లేదంటే సాగిపోతుంది.

"రానని చెప్పడానికి ఇదో పద్ధతా!" నెరిస్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలోనే గార్డు చొక్కా పట్టుకుంది. "ఎత్తనన్నాడా, ఎత్తలేనన్నాడా?"

"ఎత్తలేనన్నాడు. నా చెవులు బాగానే ఉన్నాయి."

"నేను దిగాలి. రైలాపించండి!"

దిగేవాళ్లున్నా ఆపాల్సిందే. రైలు ఆగింది. ప్లాట్‌ఫారం ఖాళీ. నెరిస్ పొగమంచులోకి దూకి పేరు పెట్టి కేకేసింది. మెట్ల కిందనుంచి సన్నగా మూలుగు వినిపించింది.

ఎమ్రిస్ బోర్లా పడి ఉన్నాడు. కుడి భుజం కీలు జారిపోయింది, ఎడమ చెయ్యి మెట్ల కమ్మీల మధ్య ఇరుక్కుంది.

"జారిపడ్డాను. రైలు వెళ్లిపోతుందనుకున్నా" అన్నాడు వణుకుతూ. "కళ్లు మూసుకుని, ఎక్కేసినట్టే ఊహించుకున్నా. నీ మీద కోపం కదా, వెనక పెట్టెలో కూర్చున్నా."

"నోర్ముయ్" అంది నెరిస్, అతని తల ఒళ్లో పెట్టుకుని. "నువ్వు నాకు తగ్గింపువి కాదు. ప్రాణానివి. విన్నావా?"

"ఇంకోసారి చెప్పు."

"ఆస్పత్రిలో చెప్తా. ముందు లే!"

ఇరుక్కున్న చెయ్యి విడిపించి, నెరిస్, ప్రాసర్ ఇద్దరూ పట్టుకుని అతన్ని రైలెక్కించారు. ప్రాసర్ తర్వాతి స్టేషన్‌కు అంబులెన్సు పిలిచి, ఇంకేం చెయ్యాలో తోచక ఉద్యోగ ధర్మం ప్రకారం టికెట్లు అడిగాడు. నెరిస్ తన టికెట్ ఇచ్చి, ఎమ్రిస్ జేబులోంచి అతనిదీ తీసింది.

ఆమె టికెట్‌కు చిల్లు కొట్టాడు. అతనిది చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు. దానికి చిల్లు అప్పటికే ఉంది.

ప్రాసర్ టికెట్ తిరిగిచ్చేశాడు. నెరిస్ దాన్ని పిడికిట్లో దాచుకుని, ఎమ్రిస్ బాగున్న చేతిని గట్టిగా పట్టుకుంది. అది వెచ్చగానే ఉంది.