ఎర్ర బాణాలు

ఉప్పల్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో పొద్దున్నే దుర్గాభవాని ఫోన్‌లో పిల్లలకు ఇంగ్లిష్ పాఠాలు చెప్పడం మొదలుపెడుతుంది. తల్లి సారలమ్మ టిఫిన్ డబ్బా సర్దుకుని నాచారంలో బట్టల ఫ్యాక్టరీకి బయల్దేరుతుంది. కుట్టిన చొక్కాల్లో తప్పులు పట్టడం ఆమె పని. తప్పున్నచోట చిన్న ఎర్ర బాణం స్టిక్కర్ అతికిస్తుంది, కుట్టినవాళ్లను మాత్రం పల్లెత్తు మాట అనదు.

సోమవారం సూపర్‌వైజర్ పోస్టుకు పరీక్ష ఉంది. పదకొండేళ్లుగా నిలబడి అరిగిన మోకాళ్లకు ఆ కుర్చీ కావాలి. అయితే రిపోర్టు ఇంగ్లిష్‌లో రాయాలట.

"బిడ్డా, ఇంగ్లిష్‌ల స్టిచ్చింగ్ అనే మాట ముందట ఒకసారి 'ద' ఉంటది, ఒకసారి ఉండది. ఎందుకట్ల?" నోట్‌బుక్ పట్టుకుని క్లాసు మధ్యలోనే అడిగింది సారలమ్మ.

"వారం నుంచి గిదే అడుగుతున్నవ్. క్లాస్ల ఉన్న గదమ్మా. ఈ వయసుల నీకు ఎక్కది, ఇడిసిపెట్టు."

ఫోన్‌లో ఎవరో కిసుక్కున నవ్వారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఇక్కడ చెట్టే మొండికేసింది.

సారలమ్మ నోట్‌బుక్‌ను బియ్యం డబ్బా మీద పెట్టింది. "నిజమే బిడ్డా. పరీక్షకు పోనులే. నిలబడుడు నాకేమన్న కొత్తనా?" అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

క్లాసయ్యాక బియ్యం కొలవబోయి భవాని ఆ నోట్‌బుక్ తెరిచింది. వంకరటింకర అక్షరాల పక్కన, అనుమానమున్న ప్రతిచోటా ఒక ఎర్ర బాణం. బిడ్డకు వెతుక్కునే పని లేకుండా తల్లి తన తప్పులకు తానే గుర్తులు పెట్టింది. ఒక్క చివరి వాక్యానికే బాణం లేదు. 'మై డాటర్ ఈజ్ టీచింగ్ మి.' నా బిడ్డ నాకు నేర్పిస్తున్నది. ఒక్కరోజు కూడా నేర్పని భవాని అక్కడే కూలబడి ఏడ్చింది.

మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టేసరికి భవాని ఆ నోట్‌బుక్ పట్టుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గరుంది. తల్లిని చెట్టు నీడన అరుగు మీద కూర్చోబెట్టింది.

"ఉత్తగ పని పేరు చెప్తే స్టిచ్చింగ్. గీ చొక్కా మీదున్న కుట్టు అని చూపిచ్చి చెప్తే, ద స్టిచ్చింగ్."

"గంతేనా?"

"గంతేనమ్మా."

"గంత దానికి వారం తిప్పినవా?" సారలమ్మ నవ్వింది.

భవాని నవ్వలేకపోయింది. నోట్‌బుక్‌లోంచి ఒక బాణం ఊడదీసి తన గుండె మీద అతికించుకుంది. "తప్పు గీడున్నదమ్మా. సోమవారం నేనే తోల్కపోత నిన్ను."

సారలమ్మ కళ్లు తుడుచుకుని, ఆ స్టిక్కర్‌ను గోటితో మెల్లగా తీసేసింది.

"సరిజేసినంక బాణం ఉంచరు బిడ్డా."